బంతి కంటే ముందే

స్లాలమ్ వాటర్ స్కీయింగ్ నేర్చుకుందామని దిగిన కొత్తవాళ్లలో ముందుగా నీళ్లు తాగేది జిమ్‌లో కండలు పెంచినవాళ్లే. తాడు బిగిసిన మరుక్షణం హ్యాండిల్‌ను గుండెల దగ్గరికి లాక్కుంటారు. బరువు కనిపిస్తే లాగడం వాళ్లకు అలవాటు మరి. అవతల ఉన్నది మూడు వందల హార్స్‌పవర్ పైబడిన ఇంజన్. దానితో బలాబలాలు తేల్చుకోబోయి గెలిచినవాడు లేడు. వాళ్ల వెనక వంతు వచ్చిన సన్నపాటి అమ్మాయి మాత్రం చేతులు చాచి, మోకాళ్లు ముడిచి, ఏమీ చేయకుండా ఉండి చక్కగా లేచి నిలబడుతుంది. ఈ అధ్యాయంలో పరికరాల గురించీ పద్ధతి గురించీ చాలా చెప్పుకుంటాం గానీ, అన్నిటి వెనకా ఉన్న లెక్క ఒకటే. లాగడం బోటు పని, సరైన చోట సరైన తీరులో నిలబడడం మన పని. ఆ నిలబడడం కూడా బంతి దగ్గరికి చేరాక మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే.

ఏ బంతి అంటారా? స్లాలమ్ కోర్సుకు హద్దులన్నీ నీటి మీద తేలే బంతులే. కోర్సు పొడవు 259 మీటర్లు. బోటు నడిమధ్యన తిన్నగా వెళ్లిపోతుంది. దాని దారికి కుడివైపు మూడు, ఎడమవైపు మూడు, మొత్తం ఆరు బంతులు. ఒక్కొక్కటీ మధ్యగీతకు 11.5 మీటర్ల దూరంలో ఉంటుంది. మీరు ముందు రెండు చిన్న బంతుల మధ్యనున్న ఎంట్రీ గేటు దాటాలి, ఆరు బంతుల్నీ ఒకటి కుడి, ఒకటి ఎడమగా బయటివైపు నుంచి చుట్టాలి, చివర ఎగ్జిట్ గేటులోంచి బయటపడాలి. బోటు దారి వెంట కొలిస్తే గేటు నుంచి మొదటి బంతికి 27 మీటర్లు, అక్కణ్ణుంచి బంతికీ బంతికీ మధ్య 41 మీటర్లు. పెద్ద పోటీల్లో బోటు గరిష్ఠ వేగం పురుషులకు గంటకు 58 కిలోమీటర్లు, మహిళలకు 55. 58 మీద మొత్తం కోర్సు పదహారు సెకన్లలో అయిపోతుంది. బంతికీ బంతికీ మధ్య రెండున్నర సెకన్లు. ఆ వ్యవధిలో మీరు బోటుకు ఈ పక్క నుంచి ఆ పక్కకు 23 మీటర్లు దాటి, వేగం తగ్గించుకుని, మళ్లీ వెనక్కి తిరగాలి.

ఆరూ పూర్తయితే వేగం పెంచుతారు. గరిష్ఠ వేగానికి చేరాక తాడు కుదించడం మొదలవుతుంది. 18.25 మీటర్ల తాడు 16 అవుతుంది. తర్వాత 14.25, 13, 12, 11.25, 10.75, 10.25, 9.75, 9.5. ఈ వరసలో 11.25 దగ్గర ఒక్క క్షణం ఆగండి. బంతి ఉన్నది 11.5 మీటర్ల దూరంలో. తాడు దానికంటే పావు మీటరు పొట్టి. తాడు పూర్తిగా పక్కకు తిరిగినా హ్యాండిల్ బంతి దాకా చేరదు. చాచిన చేయీ వాల్చిన ఒళ్లూ కలిసి ఆ వెలితి పూడ్చాలి. 2013లో లూసియానాలోని కోవింగ్టన్‌లో అమెరికన్ స్కీయర్ నేట్ స్మిత్ 9.5 మీటర్ల తాడుతో రెండున్నర బంతులు చుట్టి ప్రపంచ రికార్డు సృష్టించాడు. మూడో బంతి దగ్గర అతని ఆట కూడా ముగిసిందన్నమాట! తప్పేదాకా తాడు కుదిస్తూనే పోతారు కాబట్టి ఇక్కడ ఎంతటివాడి వంతైనా తప్పడంతోనే ముగుస్తుంది. నూటికి నూరు మార్కుల లెక్కలో పెరిగిన మనబోటివాళ్లకు ఇది మింగుడుపడడానికి కొంత టైము పడుతుంది.

నేర్చుకోవడానికి చోటు వెతుక్కోవడం పరికరాలు కొనడం కంటే ముఖ్యం. అట్లాంటా ఉత్తరాన కమ్మింగ్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు లేక్ లేనియర్, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్నవాళ్లకు లూయిస్‌విల్ లేక్ దగ్గరే. సంతోషమే. కానీ శనివారం మధ్యాహ్నం అక్కడ స్కీ కట్టుకుంటే ముందుంది ముసళ్ల పండగ. వేక్‌బోర్డు బోట్లు, జెట్ స్కీలు, పాంటూన్లు కలిసి నీటిని చిలికేస్తుంటాయి. స్లాలమ్‌కు కదలని నీళ్లు కావాలి. అందుకే ఈ ఆట పిచ్చి పట్టినవాళ్లు గాలి లేవకముందే, తెల్లారగానే, ఏదో మూల పాయలో కనిపిస్తారు. ఇంకా గట్టివాళ్లు ఈ ఆట కోసమే తవ్వించిన పొడవాటి ఇరుకు చెరువుల మీద క్లబ్బులు పెట్టుకున్నారు. మీ పిల్లలు అమెరికా యూనివర్సిటీలో చదువుతుంటే వాటర్ స్కీ క్లబ్ ఉందేమో కనుక్కోమనండి. లూసియానాలో మన్రో, లఫాయెట్ యూనివర్సిటీల జట్లు కాలేజీ పోటీల్లో పేరుమోసినవి. చాలాచోట్ల క్లబ్బులు బొత్తిగా రానివాళ్లను కూడా చేర్చుకుని, బోటూ స్కీలూ ఇచ్చి నేర్పుతాయి. బయట అంత చవగ్గా ఇంకెక్కడా కుదరదు.

ఇక కొనుగోళ్లు. మొదటి డబ్బు లైఫ్ వెస్టు మీద పెట్టండి. అమెరికాలో చెరువుల్లో, జలపాతాల దగ్గర మన పిల్లలు మునిగిపోయిన వార్తలు ఎన్నిసార్లు చదవలేదు! ‘నాకు ఈతొచ్చు’ అనే మాట ఇక్కడ చెల్లదు. ఆ వేగంలో పక్కటెముకలు నీటికి తగిలితే ఊపిరి అందడానికే కాసేపు పడుతుంది. ఆ కాసేపూ మిమ్మల్ని తేల్చి ఉంచేది వెస్టే. యూఎస్ కోస్ట్ గార్డ్ ఆమోదం ఉన్నదీ లేనిదీ లోపలి లేబుల్ మీద రాసి ఉంటుంది. పోటీల స్కీయర్లు వేసుకునే పలచని వెస్టుల్లో చాలావాటికి ఆ ఆమోదం ఉండదు. షాపులో రెండూ పక్కపక్కనే వేలాడుతుంటాయి, చూడ్డానికి తేడా తెలియదు. బకిల్స్ అన్నీ పెట్టుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. వెస్టు చెవుల దాకా జరిగితే అది మీ సైజు కాదు.

రెండోది స్కీ. స్లాలమ్‌కు రెండు కాళ్లూ ఒకే స్కీ మీద ఉంటాయి, ఒకదాని వెనక ఒకటి. పెద్దవాళ్ల స్కీలు ఎక్కువగా 65 నుంచి 69 అంగుళాల మధ్య ఉంటాయి. 75 కిలోల మనిషికి మామూలుగా 67 అంగుళాలది సరిపోతుంది. అయితే పొడవు చూసేటప్పుడు బరువొక్కటే కాదు, ఏ వేగంలో స్కీ చేస్తారన్నదీ చూడాలి. వేగం తక్కువైన కొద్దీ నీళ్లు మిమ్మల్ని తక్కువ మోస్తాయి, కాబట్టి పెద్ద స్కీ కావాలి. వెడల్పు ఎక్కువున్న స్కీ మీద లేవడం తేలిక, చేతులకు బరువు తక్కువ. పోటీలవాళ్లు వాడే సన్నటి, గట్టి కార్బన్ స్కీ చిన్న తప్పుకు కూడా శిక్ష వేస్తుంది. అలాంటిది ఒక్కటే వెయ్యి డాలర్లు దాటుతుంది. మనవాళ్లకు ఏ ఆటకు దిగినా ముందు అన్నిటికంటే ఖరీదైనది కొనే సరదా ఉంది. క్రికెట్ బ్యాటుతో అది చెల్లిపోతుందేమో గానీ ఇక్కడ వద్దు. రెండు మూడు సీజన్లు వాడిన మధ్యరకం వెడల్పు స్కీ కొనండి. అంచులు చితకకుండా, అడుగున పగుళ్లు లేకుండా ఉంటే చాలు.

ఏ కాలు ముందుండాలి? కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం చూసి చెప్పేది కాదు. రెండు స్కీల మీద తిన్నగా వెళ్తున్నప్పుడు ఒక కాలు కాస్త పైకెత్తి చూడండి, తర్వాత రెండోది. ఏ కాలి మీద నిబ్బరంగా నిలబడగలిగారో అదే ముందు కాలు. ముందు కాలి బూటు గట్టిగా పట్టి ఉండాలి, మడమ లేవకూడదు. వెనక కాలికి రెండు ఏర్పాట్లున్నాయి. ఇంకో పూర్తి బూటు, లేదా వేళ్లు మాత్రం దూర్చే పట్టీ. కొత్తవాళ్లకు పట్టీయే మేలు. లేచేటప్పుడు వెనక కాలు నీళ్లలో వదిలి, నిలదొక్కుకున్నాక దూర్చుకోవచ్చు. రెండు బూట్లకు వెళ్లేటప్పుడు ఒక సంగతి మరవొద్దు. పడినప్పుడు రెండు కాళ్లూ బయటికి రావాలి, లేదా రెండూ స్కీలోనే ఉండిపోవాలి. ఒకటి ఊడి ఒకటి ఇరుక్కుంటే చీలమండ మెలిపడుతుంది. ఈ ఆటలో పెద్ద గాయాలు చాలావరకు అలాంటి పతనాల్లోనే అవుతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. హ్యాండిల్ మీద ఒక అరచేయి పైకీ ఒకటి కిందికీ ఉండేలా పట్టుకోవాలి. గ్లవ్స్ ఉంటే ముంజేతులు కాస్త ఆలస్యంగా అలసిపోతాయి. తాడు మణికట్టుకు చుట్టుకోవడం, హ్యాండిల్ త్రికోణంలోంచి చేయి దూర్చడం, సరదాకి కూడా పనికిరావు. తాడులో ఒక్కో పొడవుకు ఒక్కో రంగు లూప్ ఉంటుంది. పోగులు లేచిన లూప్ కనిపిస్తే ఆ తాడు పక్కన పడేయండి. బోటు విషయంలో మీకు ఎంపిక తక్కువే. దొరికిన దానితో నేర్చుకుంటాం. స్కీ నాటిక్, మాస్టర్‌క్రాఫ్ట్ లాంటి అసలైన స్కీ బోట్లలో ఇంజన్ నడిమధ్యన ఉంటుంది, వెనక లేచే అల, అంటే వేక్, తక్కువగా, మెత్తగా ఉంటుంది. జీపీఎస్‌తో వేగాన్ని పట్టి ఉంచే జీరో ఆఫ్ లాంటి పరికరం ఉంటే మరీ మంచిది. అది లేకపోతే మీ తప్పు ఏదో డ్రైవర్ తప్పు ఏదో తేల్చుకోలేరు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో డ్రైవర్ కాకుండా స్కీయర్‌ను చూస్తూ ఉండడానికి ఇంకో మనిషి బోటులో ఉండాలి. కొన్నిచోట్ల వెడల్పాటి అద్దంతో సరిపెడతారు. చట్టం ఎలా ఉన్నా మనిషినే కూర్చోబెట్టుకోండి. బొటనవేలు పైకి అంటే వేగం పెంచు, కిందికి అంటే తగ్గించు, మెడ దగ్గర చేయి అడ్డంగా కదిపితే ఆపు. పడ్డాక చేతులు పైకెత్తి చూపిస్తే క్షేమంగా ఉన్నట్టు.

నీళ్లలో దిగాం. ఇక్కడ ఒక పాత కథ పనికొస్తుంది. 1922లో మిన్నెసోటాలోని లేక్ సిటీలో, పెపిన్ సరస్సు మీద, రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడికి మంచు మీద జారినట్టే నీటి మీద ఎందుకు జారకూడదు అనిపించింది. పీపా చెక్కలతో చూశాడు, మునిగాడు. మంచు స్కీలతో చూశాడు, మునిగాడు. చివరికి ఎనిమిది అడుగుల పలకలు రెండు తెచ్చి, కొసలు వేడినీళ్లలో ఉడికించి పైకి వంచాడు. వంచిన స్కీలతోనూ వెంటనే కుదరలేదు. వెనక్కి ఆనుకుని, కొసలు నీటి పైకి వచ్చేలా కూర్చుని, అన్న బెన్ నడిపే బోటు తనను లేపేదాకా ఆగాక కుదిరింది. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్లు నిండడానికి ఒక్క రోజు తక్కువ. వందేళ్లు దాటినా ఆ కూర్చునే తీరు అలాగే ఉంది.

మీరు చేయాల్సింది ఇది. ముందు కాలి మోకాలు ఛాతీకి ఆనేంతగా ముడవండి. స్కీ కొస జానెడు నీటి పైన ఉండాలి, తాడు దానికి ఒక పక్కగా ఉండాలి. చేతులు బార్లా చాచి ఉంచండి. బోటు మెల్లగా జరిగి తాడు బిగిశాక ‘హిట్ ఇట్’ అని గట్టిగా చెప్పండి. ఇక్కణ్ణుంచి రెండు మూడు సెకన్లు మీ ఓర్పుకు పరీక్ష. నీళ్లు ముఖానికి కొడతాయి, స్కీ అటూ ఇటూ ఊగుతుంది, చేతులు ముడవాలనిపిస్తుంది, వెంటనే లేచి నిలబడాలనిపిస్తుంది. రెండూ చేయకండి. మోకాలు ముడిచే ఉంచితే స్కీ నీటి మీదికి తనంతట తానే వస్తుంది. వచ్చిన తర్వాత నిదానంగా లేవండి. పడిపోతున్నామని తెలిసిన క్షణాన హ్యాండిల్ వదిలేయండి. పోయే ప్రాణం పోనీ, పట్టు మాత్రం వదలం అనేవాళ్లే భుజాలు పాడుచేసుకుంటారు.

లేచాక నిలబడే తీరు. చీలమండలు వంగి, మోకాళ్లు కొద్దిగా మెత్తగా ఉండి, నడుము పాదాల మీదికి రావాలి. హ్యాండిల్ తుంటి దగ్గర, కిందికి ఉండాలి. కొత్తవాళ్లలో ఎక్కువమంది నడుము వెనక్కి పడేసి, ఛాతీ ముందుకు వంచి, చేతులు చాచేసి వెళ్తుంటారు. అలా ఉంటే బోటు లాగే బరువంతా వీపు మీద, ముంజేతుల మీద పడుతుంది. నడుము హ్యాండిల్ దగ్గరికి తెచ్చుకుంటే అదే బరువు కాళ్లలోంచి స్కీలోకి దిగుతుంది. ఒడ్డు మీద ప్రయత్నించండి. హ్యాండిల్‌ను చెట్టుకు కట్టి, దాన్ని పట్టుకుని వెనక్కి వాలండి. నడుము వంగినప్పుడు చేతులు వణుకుతాయి. నడుము ముందుకు నెట్టగానే అంతే బరువు హాయిగా ఆగుతుంది. ఈ తేడా ఒంటికి తెలిసేదాకా బంతుల వైపు వెళ్లడం నేల విడిచి సాము చేయడమే.

తర్వాతి అడ్డంకి వేక్. బోటు వెనక లేచిన అల దగ్గరికి రాగానే కొత్తవాళ్లు భయపడి ఒళ్లు వదులు చేస్తారు. ఎగిరి పడేది అందుకే. బయటి నుంచి వచ్చేటప్పుడు కొద్దిగా వాలి, బోటు వెనక్కి చేరేసరికి గట్టిగా వాలి, రెండో అల దాటేదాకా రెండు చేతులూ తుంటి దగ్గరే ఉంచితే అల ఉన్నట్టే తెలియదు. ఉయ్యాల ఊగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఊపు ఇవ్వాల్సింది కింద నుంచి పోయేటప్పుడే, పైకి చేరాక తన్నుకులాడితే ఒరిగేదేమీ లేదు. బోటు మధ్యనున్న స్తంభం తాడు కట్టిన కొమ్మ, ఊగేది మీరు. తాడు కుదించిన కొద్దీ ఊగడం వేగంగా అయిపోతుంది, అంతే తేడా.

అందుకే బంతి దగ్గర చేసేది ఏమీ లేదని కోచ్‌లు గొంతు చించుకుంటారు. వేక్ దాటాక స్కీని ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మార్చి, బయటికి జారుతూ, బోటు వైపున్న చేత్తో హ్యాండిల్ పట్టి రెండో చేయి వదిలి, ఆ పట్టిన చేతిని బోటు వైపు చాస్తారు. వేగం దానంతట అది తగ్గుతుంది. స్కీ తిరుగుతుంది. తిరగడం పూర్తయ్యాక నడుమును హ్యాండిల్ దగ్గరికి తెచ్చి, రెండో చేయి కలిపి, మళ్లీ వాలుతారు. ఈ వరసలో ఎక్కడా కుదుపు లేదు. బంతి దగ్గర విదిలించి తిరిగితే నీళ్లు బ్రహ్మాండంగా ఎగజిమ్ముతాయి, ఫొటో బాగుంటుంది. తాడు సడలి, తర్వాతి క్షణం బిగిసి, మిమ్మల్ని ముందుకు లాగేస్తుంది. తర్వాతి బంతి పోతుంది.

మూడో బంతి దగ్గర ఆలస్యమైనవాడు మూడో బంతిని తిడతాడు. నిజానికి అప్పు చేసింది గేటు దగ్గర, మూడో బంతి దగ్గర వడ్డీ కట్టాడు. గేటు ఎలా తీసుకోవాలంటే, బోటు కోర్సులోకి రాకముందే ఎడమవైపు బాగా బయటికి వెళ్లాలి, ఎడమ బంతుల గీత కనిపించేంతగా. అక్కడ కాసేపు తేలికగా జారుతూ బోటుతో సమంగా రావాలి. అప్పుడు తిరిగి, నిదానంగా వాలుతూ, వేక్ మధ్యలోకి వచ్చేసరికి పూర్తి వాలులో గేటు దాటాలి. చాలామంది బయటికి సగమే వెళ్తారు, గేటు తప్పుతుందన్న భయంతో. సగం వెళ్లినవాడికి లోపలికి వచ్చేటప్పుడు కోణం సగమే దొరుకుతుంది. మొదటి బంతికి ఓ అర సెకను ఆలస్యం, రెండో దానికి ఇంకాస్త, మూడో దానికి కథ కంచికి. మొదట్లో గేటు తప్పితే తప్పనీయండి. వెడల్పుగా వెళ్లడం నేర్చుకున్నాక గేటు దొరకడం కష్టం కాదు.

సాధన ఎంత వేగంతో చేయాలన్నది తరచూ అడుగుతారు. పెద్దవాళ్లు కోర్సులో మొదలుపెట్టడానికి గంటకు 42 నుంచి 45 కిలోమీటర్లు చాలు. తాడు 16 మీటర్లకు కుదించుకోండి. పూర్తి పొడవు కంటే అదే సుఖం. వీలైతే మినీ కోర్సు ఉన్న చెరువుకు వెళ్లండి. అక్కడ బంతులు మధ్యగీతకు దగ్గరగా ఉంటాయి, గేటూ లయా కంగారు లేకుండా అలవాటవుతాయి. ముంజేతులు బిగుసుకుపోయాక చేసే ప్రతి రౌండూ తప్పుడు అలవాటు నేర్పుతుంది. ఇంకో రెండు రౌండ్లు చేద్దామనిపించినప్పుడే ఆపేయండి. రెజీనా జాక్వెస్ అనే అమెరికన్ స్లాలమ్ ప్రపంచ చాంపియన్ ఫ్లోరిడాలో ఫార్మసిస్టుగా ఉద్యోగం చేస్తూనే పోటీలకు వెళ్తుంది. రోజంతా నీళ్లలో ఉంటేనే వస్తుందనుకునేవాళ్లు ఆమె సంగతి తెలుసుకోవాలి. ఆఫీసుకు వెళ్లేముందు ఒక సెట్టు, అంటే కొన్ని రౌండ్లు, దాని వీడియో ఒకసారి చూసుకోవడం ఉద్యోగస్తులకు కుదిరే పద్ధతి.

సీజన్ మధ్యకు వచ్చేసరికి, రెండు వారాలుగా స్కోరు కదలకపోతే, మనసు ఫిన్ మీదికి పోతుంది. స్కీ తోక దగ్గర అడుగున నిలువుగా ఉండే అల్యూమినియం రేకు అది. దాని పొడవు, లోతు, తోక నుంచి దూరం, మూడూ అంగుళంలో వెయ్యో వంతుల్లో, క్యాలిపర్‌తో కొలుస్తారు. దానికి అడ్డంగా బిగించే చిన్న రెక్క స్కీ వేగాన్ని బంతికి ముందు తగ్గించడానికి సాయపడుతుంది. మంచి స్కీయర్‌కు అలాంటి ఐదు వంతుల తేడా కూడా తెలుస్తుంది. గేటుకు సగమే వెళ్లేవాడికి యాభై మార్చినా కొత్త తప్పులు తోడవుతాయి తప్ప ఏమీ తెలియదు. కాబట్టి ముందు గేటు వీడియో చూడండి. అది సరిగ్గా ఉండి, అయినా ఒకే పక్క తిరగడంలో స్కీ మొరాయిస్తుంటే అప్పుడు ఫిన్ జోలికి వెళ్లండి. కంపెనీ ఇచ్చిన కొలతలూ ఇప్పుడున్న కొలతలూ స్కీ మీదే మార్కర్‌తో రాసుకోండి. ఒకసారికి ఒక్క కొలతే మార్చండి. స్క్రూలు బిగించేటప్పుడు రేకు కాస్త జరుగుతుంది, అందుకని బిగించాక మళ్లీ ఒకసారి క్యాలిపర్ పెట్టి చూసి, అప్పుడు నీళ్లలో దిగండి.